పాలటీ రంగు గేరాయిలు

ముప్పై ఏళ్ల పాటు నేను బండ్ల కింద పడుకున్నాను. విశాఖ మల్కాపురంలో, రిఫైనరీ గోడకి కొంచెం ఇవతల, రేకుల షెడ్డు నాది. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు కాబట్టి షెడ్డు వేరేవాళ్లకి ఇచ్చేశాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంజను విప్పడం, కంప్యూటరు తగిలించి చూడడం త్వరగానే నేర్చుకుంటారు. ఆయిళ్లు మార్చడం మాత్రం ఎవరూ నేర్చుకోరు. అదీ ఒక పనేనా అనుకుంటారు. బోల్టు విప్పు, కారనివ్వు, బోల్టు బిగించు, కొత్తది పొయ్యి. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అది ఎంత పనో నాకు తెలియజెప్పిన బండి ఒకటుంది. దాని గురించి రాస్తే మతి పోయిందనుకుంటారని ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు అనుకున్నా ఫర్వాలేదు.

పొయ్యడానికి దారి

నా గురువు సన్యాసిరావు మేస్త్రి. తొంభైల మొదట్లో, పోర్టు లారీలు బాగుచేసే షెడ్డులో ఆయన దగ్గర చేరాను. చేరిన కొత్తలో ఒక ఆఫీసరు గారి కారుకి గేరుబాక్సు ఆయిలు మార్చమన్నారు. కింద బోల్టు విప్పి పాతదంతా వదిలేశాను. శుభ్రంగా తుడిచి, బోల్టు బిగించి, పక్కనున్న, కొత్తది పోసే బోల్టు దగ్గరికి వెళ్తే అది రాలేదు. తుప్పు పట్టింది. బలం పెడితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోయింది. కారు రెండు రోజులు కదలకుండా పడుంది. ఆఫీసరు గారు రిక్షాలో ఆఫీసుకెళ్లారు.

మేస్త్రి నన్ను తిట్టలేదు. "ఏరా, ఖాళీ సేసీసినావు. ఇప్పుడెలగ నింపుతావు? ముందు పొయ్యడానికి దారుందో లేదో సూసుకో. ఆ తర్వాతే తియ్యి," అన్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో పోసే బోల్టు విప్పకుండా కింది బోల్టు ముట్టుకోలేదు.

పాత ఆయిలుని ఆయన వెంటనే పారబోయనిచ్చేవారు కాదు. ట్రేలో పట్టి, ఎండలో పెట్టి, వేళ్ల మధ్య రాసి, వాసన చూసేవారు. నల్లగా మాడు వాసనొస్తే బండి బరువు లాగిందని. పసుపు మెరుపులుంటే లోపల ఇత్తడి అరుగుతోందని. రంపప్పొట్టు కనిపిస్తే ఎవరో బ్రోకరు గేరుబాక్సు చప్పుడు వినపడకుండా కుక్కాడని. పాలు పోసిన టీ రంగులో వస్తే నీళ్లు కలిశాయని.

"ఇది నీల్లు తాగిన బండిరా. ఎక్కడ తాగిందో కనుక్కోకుండా నీ పని అయిపోయిందనుకోకు," అనేవారు.

బాగా తిరిగిన బండికి గేరాయిలు మార్చకూడదు, మారిస్తే గేరుబాక్సు పోతుంది అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. నా మాట వినండి. కొత్త ఆయిలు గేరుబాక్సుని పాడుచెయ్యదు. అప్పటికే పాడైనదాన్ని బయటపెడుతుంది. అది చూడ్డం ఇష్టంలేనివాళ్లు పుట్టించిన మాట అది.

బస్సులో వచ్చిన ఎల్లమ్మ

తొంభైల చివర్లో, నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక, నూకరాజు నా దగ్గరికొచ్చాడు. భీమిలి దగ్గర చేపల వేటకెళ్లే కుటుంబం అతనిది. పడవలో తన వాటా అన్నదమ్ములకి వదిలేసి, ఆ డబ్బుతో గాజువాకలో ఒక బ్రోకరు దగ్గర పాత తెల్ల డీజిలు కారు కొన్నాడు. అప్పట్లో టాక్సీలన్నీ ఆ గుండ్రటి వీపు బరువు కార్లే. భీమిలికీ విశాఖకీ మధ్య తిప్పుకుంటున్నాడు. కిలోమీటర్ల మీటరు ఆగిపోయి ఉంది గానీ, పెడళ్ల మీద రబ్బరు పోయి ఇనుము మెరుస్తున్న తీరు చూస్తే చాలా దూరమే తిరిగిందని తెలిసింది.

అతను కారులో వచ్చాడు. అతని భార్య ఎల్లమ్మ వెనకాల బస్సులో వచ్చింది. అదేమిటని నేను అడిగే లోపే నూకరాజు మొదలుపెట్టాడు.

"బావ, మూడో గేరులో మూలుగుతంది. మనిసి మూలిగినట్టే ఉంటంది."

"ఇంకేటి?"

"ఇంకేటీ లేదు."

"లేదేటి? సెప్పు," అంది ఎల్లమ్మ. అతను చెప్పకపోతే నా వైపు తిరిగింది. "అన్నయ్యా, ఎనక ఎడంపక్క సీటు తడిసిపోతంది. వాన లేదు, ఏటీ లేదు. కూకున్నోల్ల బట్టలు తడుస్తన్నాయి. సగం దారిలో దిగిపోతన్నారు."

"కిటికీ తీసుంచినారేమో."

"ఆ కిటికీ దిగదు," అన్నాడు నూకరాజు.

ఎల్లమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. కారు తలుపు తీసి, లోపల అడుగు పెట్టకుండా, తల మాత్రం వంచి వాసన చూసింది. "ఇది సంద్రం వాసన కాదు. సంద్రం నీరు ఆరితే ఒక వాసన. ఉప్పుటేటి బురద వేరే వాసన. నాకు తెల్దేటి అన్నయ్యా? ఇది నీల్లల్లో ములిగిన బండి. నాను ఎక్కను."

నేను వెనక సీటు మీద చెయ్యి పెట్టాను. మధ్యాహ్నం పన్నెండు గంటలు. షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. కుడిపక్క సీటు వేడిగా ఉంది. ఎడమపక్క చల్లగా, తడిగా ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే వేళ్లు మెరిశాయి.

నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి

బండిని ఆదివారమంతా కదపకుండా ఉంచమన్నాను. కదలకుండా ఉంటే నూనె పైకి, నీళ్లు కిందికి చేరతాయి. సోమవారం పొద్దున్న పోసే బోల్టు తీసి, తర్వాత కింది బోల్టు విప్పాను.

మొదట ఆయిలు రాలేదు. నీళ్లొచ్చాయి, ఒక గ్లాసు ఉంటాయి. నాలిక మీద వేసుకుంటే ఉప్పగా ఉన్నాయి. వాటి వెనక పాలటీ రంగులో గేరాయిలు, అందులో నానిన రంపప్పొట్టు. వెనక చక్రాల మధ్యనుండే హౌసింగు విప్పితే అదే రంగు. ట్రేని ఎండలో పెట్టి గంట తర్వాత చూస్తే అడుగున నల్లటి మెత్తటి బురద పేరుకుని ఉంది. ఎల్లమ్మ వచ్చి, వేలితో తీసి వాసన చూసి, చీర కొంగుకి తుడుచుకుంది.

ఇంజనాయిలు మాత్రం కొత్తది. బ్రోకరు తెలివి అక్కడే ఉంది. ఇంజన్లో నీళ్లుంటే బండి స్టార్టే కాదు, అందుకని అది మార్చాడు. కింద రెండిట్లో నీళ్లున్నా కొన్నాళ్లు నడుస్తుంది. వాటిని వదిలేశాడు.

ఎక్కడ తాగిందో కనుక్కోమన్న మేస్త్రి మాట గుర్తొచ్చి తలుపుల లోపలి అట్టలు ఊడదీశాను. అట్టలు కొత్తవి. వాటి వెనక రేకు మీద ఎండిన బురద. రెండు తలుపుల మధ్య స్తంభం అట్ట తీస్తే అక్కడా ఉంది. పైన ఎక్కడో ఒక గీత దగ్గర ఆగింది. నీళ్లు అక్కడిదాకా వచ్చి నిలిచాయన్నమాట. ఎంత ఎత్తో చూద్దామని వెనక సీట్లో ఎడమపక్క కూర్చున్నాను. ఆ గీత నా నుదుటికి పైన ఉంది.

కిటికీ ఎందుకు దిగదో చూడాలని తిప్పే పిడి ఊడదీశాను. పిడి కొత్తది. అది తగిలే ఇనుప ఇరుసు మాత్రం పాతది. అది మెలితిరిగి ఉంది. విరిగిన ఇరుసులు, అరిగిన ఇరుసులు నేను చాలా చూశాను. మెలితిరిగింది చూడలేదు. లోపల కూర్చున్న మనిషి, బయట నీళ్ల బరువుకి బిగుసుకున్న అద్దాన్ని దింపాలని ప్రాణం పెట్టి తిప్పితే తప్ప అది అలా అవ్వదు. దాన్ని ఊడదీసి చేతిలో పట్టుకుని నేనెంతసేపు ఆ సీట్లో కూర్చున్నానో తెలియదు. దిగేసరికి నా లుంగీ వెనక తడిసి ఉంది.

నూకరాజుకి నీళ్ల సంగతి చెప్పాను. గీత సంగతి, ఇరుసు సంగతి చెప్పలేదు. అతని పడవ వాటా మొత్తం ఆ బండిలో ఉంది. నోరు రాలేదు.

నా తప్పు

ఇక్కడ నేను చేసింది దాచకుండా రాస్తాను. కొత్తవాళ్లు చదవాల్సింది ఇదే.

గేరుబాక్సులో పల్చటి ఆయిలు పోసి, కాస్త దూరం తిప్పి, వేడిగా ఉండగానే వదిలేసి, మళ్లీ అసలు ఆయిలు పోశాను. హౌసింగుకీ అలాగే చేశాను. రేడియేటరు కడిగాను. సాయంత్రానికి బండి మూలుగు పోయింది. మూడో గేరులో మెత్తగా వెళ్లింది. నూకరాజు మొహం వెలిగిపోయింది. మంగళవారం పొద్దున్నే సింహాచలం కొండకి ఒక కిరాయి ఒప్పుకున్నానని, ఇక ఇచ్చెయ్యమని అన్నాడు.

బ్రేకాయిలు మిగిలింది. డబ్బా మూత తీసి చూశాను. నిండుగా ఉంది. శుభ్రంగా, లేత రంగులో ఉంది. మూత పెట్టేశాను.

పైన కనిపించేది బ్రోకరు పోసిన కొత్త ఆయిలని, గొట్టాల చివర, చక్రాల దగ్గర పాతదే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. ఇంజనాయిలు ఒక్కటి మార్చి మిగతావి వదిలేసిన బ్రోకరుని ఆ పొద్దున్నే తిట్టుకున్నాను. సాయంత్రానికి అతను చేసిన పనే నేనూ చేశాను. ఆ బండిలో ఇంకొక్క బోల్టు విప్పాలనిపించలేదు. అదీ నిజం.

కొండ దిగుతుంటే

మంగళవారం మధ్యాహ్నం పక్క కొట్టుకి ఫోనొచ్చింది. నూకరాజు. "బావ, బ్రేకు పోయింది. కొండ మీంచి దిగతంటే. నువ్వొకసారి రా."

నేను వెళ్లేసరికి కారు ముందు భాగం కొండ వైపు కాలవలో ఉంది. కొండ వైపు కాబట్టి బతికారు. రెండో వైపు లోయ. కిరాయికొచ్చిన ముగ్గురు ఆడవాళ్లు గట్టు మీద కూర్చున్నారు, తల్లీ ఇద్దరు కూతుళ్లూ. ఒక కూతురికి నుదురు చిట్లింది. ఎల్లమ్మ కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మణికట్టు విరిగింది. బండి బాగయిందని, దేవుడికి దణ్ణం పెట్టుకోవచ్చని నూకరాజు బతిమాలితే ఆ ఒక్క రోజే ఎక్కిందట, ముందు సీట్లో.

నేను కారెక్కి బ్రేకు తొక్కాను. పెడలు గట్టిగా, బాగానే ఉంది.

"నాను అబద్దం సెప్తన్నానా?" అన్నాడు నూకరాజు, నా మొహం చూసి. "నేలకి తగిలిపోయింది బావ. గాలి తొక్కినట్టుంది."

"మరెలా బతికారు? ఆ జోరులో కాలవలోకి తిప్పితే బోల్తా పడాల."

ఎల్లమ్మ చెప్పింది. "జోరు లేదన్నయ్యా. అప్పటికే తగ్గించినాడు. ఎనకనించి ఇక్కడ దింపీయండి అనీసి అన్నారు. ముందు కాళీ సోటుంది అక్కడ ఆపుతానమ్మా అనీసి ఈయన రెండో గేరేసినాడు. అప్పుడు బ్రేకు తొక్కితే లేదు."

"ఎవరన్నారు?"

కూతుళ్లిద్దరూ తల్లి వైపు చూశారు. అమ్మే అన్నదనుకున్నామన్నారు. ఆవిడ ఎడమపక్క కూర్చుందట. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాను గోయిందా గోయిందా అనుకుంటన్నాను. దింపమని నానెందుకంటాను బాబూ, కొండ మద్దిలో? నా పక్కనించే వినబడ్డాది. తలుపు వైపునించి."

ఆవిడ పక్కన తలుపు తప్ప ఏమీ లేదు.

నేను వెనక చక్రం దగ్గర పడుకుని, బ్రేకు గొట్టం చివరున్న చిన్న బోల్టు విప్పి, నూకరాజుని పెడలు తొక్కమన్నాను. టీ డికాషను రంగులో బురద నీళ్లు వచ్చాయి. దిగువ టీకొట్టులో ఒక పాత గరిటె అడిగి, అందులో రెండు చుక్కలు వేసి స్టవ్ మీద పట్టుకున్నాను. మంచి బ్రేకాయిలు ఆ వేడికి చలించదు. ఇది పట్టగానే బుడబుడమని పొంగింది. దిగుడులో బ్రేకు వేసి వేసి చక్రాలు వేడెక్కితే గొట్టాల్లో జరిగింది అదే. నీళ్లు ఆవిరైపోయాయి. ఆవిరిని ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. చల్లారాక మళ్లీ నీళ్లయిపోతాయి, పెడలు గట్టిపడుతుంది. అందుకే చాలామంది డ్రైవర్లని అబద్ధాలకోరులంటారు.

గరిటె వాళ్లిద్దరికీ చూపించాను. "ఇది నాను నిన్ననే తియ్యాల. తియ్యలేదు. తప్పు నాది," అన్నాను. గీత సంగతి, ఇరుసు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. నూకరాజు కారుకి దూరంగా జరిగాడు. ఎల్లమ్మ మాత్రం, "ఆడమనిసి గొంతే అన్నయ్యా. ముసల్దీ కాదు, సిన్నపిల్లా కాదు," అంది.

నలుగురెక్కారు

మర్నాడు నూకరాజూ నేనూ గాజువాక వెళ్లాం. బ్రోకరు మొదట ఏమీ తెలియదన్నాడు. నేను జేబులోంచి ఆ ఇరుసు తీసి బల్ల మీద పెట్టాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"దచ్చిణాది నించి వచ్చింది బావ. ఉప్పుటేట్లో పడిపోయిందట. నాలుగు రోజులుందట నీల్లల్లో. నాను సూల్లేదు."

"జనం?"

"ముగ్గురు బయటికొచ్చీసినారు."

"ఎక్కిందెందరు?"

అతను టీ గ్లాసు పక్కకి జరిపాడు. "నలుగురెక్కారు," అన్నాడు చివరికి. ఎవరని అడిగితే ఒక ఆడమనిషి అని తప్ప అతనికేమీ తెలియదు. పేరు తెలియదు, ఊరు తెలియదు. బండిని వెనక్కి తీసుకుని దూరంగా ఒరిస్సా వైపు అమ్మిపెడతానని, ఎవరికీ తెలియదని అన్నాడు.

నూకరాజుకి అది నచ్చిందని నాకు తెలిసింది. దారి పొడుగునా వేళ్ల మీద లెక్కలు వేసుకుంటూ వచ్చాడు. ఇంటికెళ్లి ఎల్లమ్మకి చెప్పాడు. ఆవిడ కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని విన్నది.

"మనకి అమ్మినోడు సేసినట్టే మనమూ సేత్తామేటి? ఆ ఎక్కినోల్లకి కొండ ఎదురుపడితే పెతిసారీ ఎవులు సెప్తారు, దింపీయమని?"

"మరి దీన్నేటి సెయ్యమంటావే? పడవ పోయింది. ఇదీ పోతే ఏటి తింతాం?"

"బాగు సేయించు. అన్నయ్య ఉన్నాడు కదా. ఈసారి అంతా తీత్తాడు," అంది, నా వైపు చూసి.

అంతా తీశాను. మూడు వారాలు పట్టింది. నా తప్పు కాబట్టి నా చేతి కష్టం లెక్కలోకి రాలేదు. బ్రేకు గొట్టాలు, రబ్బర్లు, చక్రాల దగ్గర సిలిండర్లు అన్నీ కొత్తవి వేసి, నాలుగు చక్రాల దగ్గరా శుభ్రమైన ఆయిలు వచ్చేదాకా వదిలాను. క్లచ్చి ఆయిలు, స్టీరింగు పెట్టెలో ఆయిలు కూడా మార్చాను. గేరుబాక్సు మరో రెండు సార్లు కడిగితే చివరికి ఆముదం రంగు నిలిచింది. సీట్ల పీచు తీసి పారేశాను. ఉప్పు పట్టిన పీచు మన ఊరి గాలిలో తేమ లాక్కుంటుంది, అందుకే తడి. అది నాకు తెలుసు. కుడిపక్క పీచుకీ అంతే ఉప్పు పట్టింది, అది ఎందుకు తడవలేదో మాత్రం నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే రాస్తున్నాను.

ఆ బండి ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు భీమిలి రోడ్డు మీద తిరిగింది. రెండువేల ఆరో ఏడో, చాసిస్ తుప్పు పట్టి ఇక లాభం లేదనుకున్నాక నూకరాజు దాన్ని ఇనుము కింద ఇచ్చేశాడు. నడిపేవాళ్లకి అమ్మలేదు. నా దగ్గరకి ఇలాంటి బండ్లు ఇంకా కొన్ని వచ్చాయి. ప్రతి తుఫాను తర్వాతా వస్తాయి, మీ దగ్గరికీ వస్తాయి. ఒకచోట నీళ్లు కనిపిస్తే అన్నిచోట్లా విప్పండి. పైన శుభ్రంగా ఉందని మూత పెట్టెయ్యకండి. యజమానికి చెప్పడానికి నోరు రాకపోతే, ఆ బండి బయటికి పంపకండి.

మూడు వారాల పని అయ్యాక దాన్ని నేనే సింహాచలం కొండ ఎక్కించి దింపి చూస్తానన్నాను. నూకరాజు నా పక్కన కూర్చున్నాడు. ఎల్లమ్మ ఈసారి ఎవరూ బతిమాలకుండానే వచ్చి వెనక కుడిపక్క ఎక్కింది. పట్టపగలు, ఎండ మండిపోతోంది. దిగేటప్పుడు ప్రతి వంపులోనూ బ్రేకు తొక్కి చూసుకుంటూ వచ్చాను. పట్టింది. ఆ కాలవ దాటి కొంచెం ముందుకి, పక్కన ఖాళీ ఉన్నచోట, "అన్నయ్యా, ఆపు," అంది ఎల్లమ్మ.

ఆపాను. ఆవిడ దిగి, కారు వెనకనుంచి చుట్టూ తిరిగి, ఎడమపక్క తలుపు దగ్గరికి వచ్చింది. మంచి చేత్తో తలుపు బార్లా తీసి పట్టుకుని, ఒక అడుగు పక్కకి జరిగి నిలబడింది. బస్సులోంచి చుట్టాలు దిగుతుంటే మనం దారిచ్చి నిలబడతామే, అలాగ.

"ఏటే అది?" అన్నాడు నూకరాజు.

"దిగనీ," అంది.

నేను ఇంజను ఆపలేదు. చెయ్యి హ్యాండు బ్రేకు మీద ఉంది. అద్దంలో వెనక్కి చూడబోయి మానేశాను. నూకరాజు రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. మూటతో ఉన్న మనిషి తీరిగ్గా దిగి చీర సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఎల్లమ్మ అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా తలుపు వేసి, గట్టిగా పడిందో లేదో నొక్కి చూసి, వచ్చి తన చోట కూర్చుంది.

"పద అన్నయ్యా," అంది.

రెండో గేరులోనే కిందికి దిగాం.